పదకొండు గంటల కొట్టు

మా వీధిలో కొట్లన్నీ తొమ్మిదికల్లా తలుపులు తీస్తాయి, మా తోడికోడలి పుస్తకాల బైండింగ్ కొట్టు తప్ప. అది పదకొండుకు గానీ తెరుచుకోదు. బోర్డు మీద కూడా అంతే రాయించింది. పక్క గదిలో జిరాక్సు మెషీను పెట్టుకుని కూర్చునేది నేను కాబట్టి, రెండు గంటలపాటు "ఆవిడ ఇంకా రాలేదా?" అన్నవాళ్లకు జవాబు చెప్పే ఉద్యోగం కూడా నాదే. మొదట్లో "వస్తుందండీ" అనేదాన్ని. ఇప్పుడు వేలితో బోర్డు చూపించి ఊరుకుంటున్నాను. వీధి వీధంతా ఆవిణ్ని "పదకొండు గంటలావిడ" అంటారు. ఆవిడకా పేరంటే ఇష్టం కూడానూ. నేను మాత్రం అక్క అంటాను.

బద్ధకం అనుకునేవాళ్లు అనుకోనీ. పొద్దున లేచేసరికి అక్క చేతులు అక్క మాట వినవు. వేళ్లు కొయ్యబారిపోయి, పేస్టు మూత తిప్పడానిక్కూడా రావు. గోరువెచ్చని నీళ్లలో పావుగంట చేతులు పెట్టుకుని, తర్వాత బల్ల మీద ఒక్కో వేలూ ఎత్తి దించి, పార్కు చుట్టూ నాలుగు చుట్లు నడిచొస్తే అప్పుడు దారికొస్తాయి. ఎనిమిదేళ్లుగా ఇదే వరస. కీళ్లవాతం. వయసుతో వచ్చే అరుగుదల కాదు, ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరబడి కీళ్ల మీద పడే రకం. డాక్టరమ్మ ఈ సంగతి చెప్పిన రోజున మా అత్తగారు నోరు వెళ్లబెట్టారు. "పరాయివాళ్లయితే నాలుగు దులిపేయొచ్చు. మన ఒళ్లే మన మీద పడితే ఎవరితో చెప్పుకుంటాం?" అన్నారు.

అక్క ఎవరితోనూ చెప్పుకోలేదు. పని పద్ధతి మార్చుకుంది. పట్టు సన్నగా ఉంటే వేళ్లకు కష్టమని, కన్నాలు పొడిచే దబ్బనానికీ, అట్టలు కోసే కత్తి పిడికీ గుడ్డపీలికలు చుట్టి లావు చేసింది. నలభై నిమిషాలకోసారి మోగేలా బల్ల మీద గడియారం పెట్టింది. అది మోగిందంటే కుట్టు సగంలో ఉన్నా లేవాల్సిందే. ఒకసారి ఒక ప్లీడరుగారు ఎదురుగా కూర్చుని తన పుస్తకాల గొప్పలు చెబుతున్నాడు. గడియారం మోగింది. అక్క లేచి, వీధి చివరిదాకా నడిచొచ్చి, కూర్చుని, "ఆఁ, ఇప్పుడు చెప్పండి" అంది. ఇక ఆదివారం ఆదివారం ఒక మాత్ర, మర్నాడు దానికి తోడుగా ఇంకో చిన్న మాత్ర, రెండు నెలలకోసారి రక్తపరీక్ష. అంతే.

అత్తగారికే మనసు ఆగేది కాదు. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు అందిస్తూ "తగ్గిందా?" అని అడిగేవారు. "ఇవాళ పర్లేదు అత్తయ్యా" అనేది అక్క. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయేవారు. ఆవిడకు కావాల్సిన జవాబు అది కాదు.

కిందటేడు ఆ జవాబు దొరికింది. పరీక్షల కాగితాలు చూసి డాక్టరమ్మ "బాగా తగ్గిందమ్మా" అంది. నా చెవులతో విన్నాను. జ్వరం తగ్గిందంటే జ్వరం లేదనే కదా? తలనొప్పి తగ్గాక మళ్లీ మాత్ర వేసుకునేవాళ్లుంటారా? ఆవిడ ఇంకా ఏదో చెబుతూనే ఉంది, నేను బావగారికి ఫోన్ కొట్టేశాను. ఇంటికెళ్లేసరికి అత్తగారు గుమ్మంలో నిలబడి సంతోషంతో కళ్లు తుడుచుకుంటున్నారు. ఆ ఆదివారం అక్క మాత్రను అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది. "ఇంకా ఎందుకక్కా, తగ్గిపోయిందిగా" అన్నది నేనే. ఈ ముక్క దాచేయాలనిపిస్తుంది గానీ, దాచను.

మాత్ర మానేశాక నెల్లాళ్లు ఏ బాధా లేదు. అదే కొంప ముంచింది.

లైబ్రరీవాళ్లు చిరిగిపోయిన పాత నిఘంటువు మూడు భాగాలూ తెచ్చి, విప్పి మళ్లీ కుట్టమన్నారు. అలాంటి పనంటే అక్కకు ప్రాణం. రెండో భాగం సగానికొచ్చింది. ఒక మధ్యాహ్నం గోడ అవతల ఏదో ఠంగుమంది. వెళ్లి చూస్తే కత్తి కింద పడి ఉంది. అక్క దాన్ని తియ్యడానికి వంగి, తియ్యలేక అలాగే ఉండిపోయింది. వేళ్ల కణుపులు ఉబ్బి ఎర్రబడ్డాయి. "ఏం కాదు లేవే" అంది. ఆ చేతులు మళ్లీ రాకపోతే కొట్టు లేదు. కొట్టు లేకపోతే మా అక్క అక్కలా ఉండదు.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "తగ్గింది అన్నాను. పోయింది అనలేదు. మందుల వల్లే కదమ్మా తగ్గింది! మానెయ్యమని చెప్పానా?"

"తగ్గిందంటే మాకు పోయిందనే అర్థం డాక్టరుగారూ" అన్నాను, తప్పు నాదైనా గొంతు పెంచి.

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "నిజమే. నేనూ మా ఇంట్లో అలాగే అంటాను" అంది. అప్పట్నుంచి ఆ మాట మానేసి "అదుపులో ఉంది" అంటోంది.

ఆదివారం మాత్ర మళ్లీ మొదలైంది. కానీ దానికేం తొందర లేదు, పనిచెయ్యడానికి నెలలు పట్టింది. నిఘంటువు సగం కుట్టుతో బల్ల మీదే ఉంది. వేరేవాళ్లకు ఇచ్చేద్దామన్నాను. అక్క చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. లైబ్రరీ ఆయన మంచివాడు. "నిదానంగా కానివ్వండి. దీన్ని తెరిచేది ఏడాదికి ఇద్దరు. అందులో ఒకణ్ని నేనే" అన్నాడు.

మూడో నెలలో రోజుకొక కాగితాల మడత కుట్టింది. తర్వాత రెండు. సూదిలో దారం నేను ఎక్కించేదాన్ని, తిట్లు తింటూ. "అంత పొడుగెందుకే, ఇంటిదాకా కొలిచావా?" అనేది. ఆ తిట్లు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చేది. మూడో భాగం చివరి కుట్టుకు ముడి తనే వేసింది, దారం తనే తెంపింది. నేను జిరాక్సు గదిలోకి వెళ్లి ఏడ్చాను. ఎవరో అడిగితే టోనరు పొడి కళ్లలో పడిందన్నాను.

మొన్న పొద్దున అత్తగారికి చెల్లెలి వరసావిడ కూతురు ఫోన్ చేసింది. స్పీకరు పెడితే గానీ ఆవిడకు వినపడదు కాబట్టి ఇల్లంతా వింది. "మీ పెద్దకోడలికి తగ్గిందా పెద్దమ్మా?" అని అడిగింది. అక్క గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. నేను కాఫీ తాగడం ఆపాను.

అత్తగారు తడుముకోలేదు. "లేదమ్మా, తగ్గలేదు. బావుంది" అన్నారు.

"తగ్గకుండా బావుండటమేంటి?"

"మా ఇంట్లో ఇంతే. నమ్మకపోతే వచ్చి కొట్లో చూసుకో. పదకొండు దాటాక రా."