సంతోషమ్మ తాగిన పగడాల తొట్టి నీళ్లు

మా పిన్ని సంతోషమ్మ జమ్మలమడుగులో ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరయింది. తర్వాత ప్రొద్దుటూరులో గంగన్న అనే పార్టీ నాయకుడి ఇంట్లో పగడాలు సాకేది. బంగారు అంగళ్లలో అమ్మే పగడాలు కావు, అద్దాల తొట్టిలో, ఉప్పునీళ్లలో బతికే పగడాలు. వాకిట్లో వేటకొడవళ్ల మనుషులు, హాల్లో పగడాలు! ఆయన సోకు తగలెయ్య.

పగడం నీళ్లలోని సున్నం పీల్చుకుని ఒళ్లు కట్టుకుంటుంది. అది పీల్చిన కాల్షియం, క్షారం రోజూ మళ్లీ కలపాలి. పిన్ని నీళ్లు పరీక్షించి, ఎంత తగ్గితే అంత పోసేది. ఎన్నికలు రాగానే, మా చర్చి పేట ఓట్లు ఆమె మాట మీద పడతాయని గంగన్న ఆమెను ప్రచారానికి తోలాడు.

"తొట్టి చూసేదెవరప్పా?" అని అడిగితే, "మావోళ్లు చూస్తార్లే, పో" అన్నాడు. ఏ సీసాలోది ఎంత పోయాలో చెప్పి పోయింది. ఒక్క వెధవా పొయ్యలేదు.

ఓట్లయ్యాక వచ్చి చూస్తే పగడాల కండ ఊడిపోయి తెల్లటి ఎముకలు మిగిలాయి. ఎదుటి పార్టీవాళ్లు విషం పెట్టించారని గంగన్న తేల్చేశాడు. ఆ తొట్టికి ఫిల్టర్ నీళ్ల క్యాన్లు వేసే కమాల్ బాషాను పట్టుకొచ్చి గోడకు నిలబెట్టారు.

"విషమూ ల్యాదు, ఏమీ ల్యాదు. క్షారం పడిపోయి సచ్చినాయి. నన్ను ఊర్లెంబడి తిప్పింది నువ్వే గదప్పా!" అంటూ పిన్ని తొట్టిలో గ్లాసు ముంచి, అందరి ముందూ గటగటా తాగేసింది. ఉప్పుకు వాంతి చేసుకుంది గానీ, చావలేదు. గంగన్న బాషాను వదిలేశాడు.

అంతటితో పోవాల్సింది. సంగతి తెలిసిన ఎదుటి పార్టీ నాయకుడు లింగాలలో పెళ్లి భోజనాల దగ్గర మీసం తిప్పాడు. "ఆ విషం కలిపిచ్చింది మేమే. ఏం జేస్తాడో జెయ్యమను!" చెయ్యని పాపాన్ని గొప్పగా చెప్పుకున్నాడు, సిగ్గులేని మనిషి. తాగి చూపించిన పిన్ని మాట కంటే గంగన్నకు పగవాడి మాటే నిజమైంది. మరునాడు కమాల్ బాషా కుడిచెయ్యి నరికించాడు.

నెల తిరక్కుండా పిన్ని ఇంటి ముందు జీపు ఆగింది. గంగన్న దిగి, ఏమీ జరగనట్టు నవ్వాడు.

"కొత్త పగడాలు తెప్పిస్తాండా సంతోషమ్మా. పనికి రా."

పిన్ని గడప దాటి వచ్చింది. వీధంతా వినేలా అడిగింది.

"బాషా చెయ్యి యాడ్నించి తెప్పిస్తావప్పా?"