బోర్డు లేని దుకాణం

మా పెదనాయన పోయాడు. కోరుట్లలో తన దుకాణంలోనే, కుడుతూ కుడుతూ మిషన్ మీద ఒరిగిపోయాడు. జగిత్యాల దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆయన పక్క మిషన్ మీదే బతుకుతున్న తమ్ముడి బిడ్డను నేను.

వయసులో ఉన్నప్పుడు ఆయన దుబాయిలో పనిచేశాడు. ఇటలీ వాళ్ల ఖరీదైన బట్టల షోరూం వెనక గదిలో కోట్లు, ప్యాంట్లు సరిచేసేవాడు. ఆ కంపెనీ కథ అక్కడే విన్నాడట. మాకు ఎన్నిసార్లు చెప్పాడో! ఒక ముసలాయన చిన్న కొట్టులో తోలు సంచులు కుట్టి మొదలుపెట్టాడు. కొడుకులు దేశదేశాల్లో దుకాణాలు తెరిచారు. మనవలు కోర్టుకెక్కారు. చివరికి ఎవరో బయటివాళ్లు కొనుక్కున్నారు.

"పేరు మాత్రం గదే ఉన్నది బిడ్డా. ముసలాయిన ఇంటోళ్లు గా దుకాన్ల ఒక్కలు లేరు" అని, దారం నోట్లో తడిపి సూదికి ఎక్కించేవాడు.

అందుకే తన దుకాణానికి బోర్డు పెట్టలేదు. "పేరు పెడితె దానికోసమే కొట్టుకుంటరు. కుట్టు మంచిగుంటె గిరాకులే దేవులాడుకుంట అస్తరు" అనేవాడు. నిజమే, సిరిసిల్ల నుంచి కూడా పెళ్లికోట్ల కోసం వచ్చేవాళ్లు.

సూది కింద బట్టను నొక్కిపట్టే ఫుట్‌ను లేపకుండా ఆయన చాయ్‌కి కూడా లేచేవాడు కాదు. నేను మరిచిపోతే ఒకటే తిట్లు. "ఫుట్ లేపవేందే! బట్ట గట్ల నలిగి చస్తది. దానికి గూడ జర ఊపిరాడాలె గదా!"

ఆ ఇటలీ కథ ఆయన కొడుకుల చెవికే ఎక్కలేదు. దినాలు కాకముందే దుకాణం నాదంటే నాదని లేచారు. పెద్దన్న షటర్‌కు తాళం వేస్తే, చిన్నన్న వచ్చి పక్కనే ఇంకో తాళం వేశాడు. ఆయన పేరుతో, ఫోటోతో ఇద్దరూ చెరో బోర్డు మాత్రం రాయించుకున్నారు! నా మిషన్ లోపలే ఉంది. అది లేకపోతే నా పొయ్యి వెలగదు.

"ఆడు తీస్తె నేను తీస్త చెల్లె" అన్నాడు పెద్దన్న. చిన్నన్న కాళ్లమీద పడ్డాను. "ముందుగాల అన్నను తియ్యుమను" అన్నాడు.

పెదనాయనా, ఇప్పుడు ఎవరికి మొక్కాలె నేను? పాడు తాళాలు, పగలగొట్టడానికి నా చేతుల్లో బలం లేదు.

రోజూ పోయి వెనక కిటికీ సందులోంచి లోపలికి చూస్తున్నాను. ఎవరిదో పెళ్లికోటు సగం కుట్టుతో ఆయన మిషన్ మీద అలాగే ఉంది. ఆయనను ఎత్తుకుని ఉరికిన తొందరలో ఎవరమూ చూసుకోలేదు. ఫుట్ ఇంకా బట్టను నొక్కుకునే ఉంది.