x తో భాగించడం మరిచిన రోజు

నాగర్‌కర్నూల్‌లో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తూ అక్కడే హాస్టల్‌లో ఉండేదాన్ని. మా ఆయన, అత్తమ్మ, నాలుగేళ్ల కూతురు వనపర్తిలో. శనివారం రావడం, ఆదివారం సాయంత్రం పిల్లను ఏడిపించి బస్సెక్కడం. అందుకే వనపర్తిలోనే ఒక కాలేజీ డెమో క్లాసుకు పిలిస్తే ప్రాణమంతా దాని మీదే పెట్టుకున్నాను.

క్లాసులో సెకండియర్ పిల్లలు, చివరి బెంచీలో ప్రిన్సిపాల్. సమాకలన గుణకంతో, అదే ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్‌తో, ఒక లెక్క చెయ్యమన్నారు. నాకు కొట్టిన పిండే. బోర్డు మీద x dy/dx + 2y = x² అని రాసి, y పక్కన 2 ఉంది కాబట్టి గుణకం e²ˣ అని గబగబా రాసేశాను. రెండు వైపులా గుణించాను.

గద్వాలలో మాకు ఇంటర్ చెప్పిన సారుకు ఒక పట్టుదల ఉండేది. గుణకంతో గుణించాక ముందుకు పోనిచ్చేవాడు కాదు. "ఇప్పి సూడు" అనేవాడు. అంటే y ని గుణకంతో గుణించి, ఆ లబ్ధాన్ని అవకలనం చేస్తే ఎడమవైపు ఉన్నదే రావాలి. ఆయన్ని తిట్టుకుంటూ నేర్చుకున్న అలవాటు చేతికి అంటుకుపోయింది. ఆ రోజూ విప్పి చూశాను. రాలేదు. బోర్డు మీద మొదటి పదంలో x ఒకటి ఎక్కువగా ఉంది.

కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు నా ముఖంలో. మొదట x తో భాగించి dy/dx ని ఒంటరిగా నిలబెట్టాలి. ఈ మాట మరిచిపోయారని ఎంతమంది పిల్లల మీద అరిచానో! అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. తుడిపేద్దామని డస్టర్ పట్టుకున్నాను. కానీ పిల్లలు అప్పటికే రాసుకున్నారు.

"నేను తప్పు చేసిన. ఎక్కడనో సూడుండ్రి" అని ఆ అదనపు x చుట్టూ సున్నా చుట్టాను. పక్కనే మళ్లీ మొదలుపెట్టాను. x తో భాగిస్తే y పక్కన 2/x, గుణకం x². విప్పితే ఎడమవైపు అచ్చంగా వచ్చింది. x²y = x⁴/4 + c.

బయట ప్రిన్సిపాల్ అడిగాడు, "కావాలనే తప్పు చేసిండ్రా మేడం?"

అవునంటే పోయేది. నోరు ఊరుకోలేదు. "లేదు సార్, నిజంగనే చేసిన."

ఆయన నవ్వాడు. "సరే. తప్పెట్ల దొర్కుతదో పిల్లలకు తెల్సింది. సోమవారం సంది రాండ్రి."

బతుకు జీవుడా అనుకున్నాను. ఇంటికొచ్చి చెప్తుంటే ఏడుపొచ్చింది. "ఏడుస్తవెందుకే, జర నిమ్మళంగ కూసో" అని అత్తమ్మ నీళ్లిచ్చింది.

మర్నాడు ఆదివారం. సాయంత్రం కాగానే నా కూతురు నా చెప్పులు ఎత్తుకుపోయి బియ్యం డబ్బా వెనక దాచి, ఏమీ ఎరగనట్టు వచ్చి నిలబడింది. నేను వెతకలేదు. అది చాలాసేపు నన్నే చూసి, ఆగలేక, "అమ్మా, నీ చెప్పులు ఏడున్నయో అడుగవా?" అంది.