కుందేలు చెవుల శిరస్త్రాణం

వాన పడితే మూసేసే గొడుగుల కొట్టు జపాన్‌లోని హికోనె ఊరు మొత్తంలో ఒక్కటే ఉంది. అది తోకుజిరోగారిది. చినుకు రాలగానే వీధిలో జనం నెత్తిమీద చేతులు పెట్టుకుని ఆ కొట్టుకేసి పరిగెత్తుకొస్తారు. సరిగ్గా అప్పుడే ఆయన లోపల్నుంచి గడియ బిగిస్తాడు. గాలిలో తేమ చేరితే ఆయన పోగేసుకున్న సమురాయ్ యోధుల పాతకాలపు శిరస్త్రాణాలు తుప్పు పడతాయట. ఒక్కోదాన్నీ మెత్తటి గుడ్డతో తుడిచి, "ఉరుముకి భయపడకు, నేనున్నాగా" అని బుజ్జగించి, పెట్టెలో పడుకోబెట్టేసరికి వాన వెలిసిపోతుంది. అప్పుడు తీరిగ్గా తలుపు తీసి, ఎండలో గొడుగులు పేర్చి కూర్చుంటాడు.

"అందరూ తడిసి ముద్దయి ఇళ్లకెళ్లాక ఎవరికండీ ఈ గొడుగులు?" అని భార్య మసుయో నెత్తి కొట్టుకునేది.

"మనుషులు తడిస్తే ఆరతారే. ఇనుము తడిస్తే పోతుంది."

మసుయో వాటిని ఏనాడూ శిరస్త్రాణాలని అనలేదు. మూకుళ్లనేది. ఇంట్లో మూకుడు లేని మూల లేదు. బియ్యం డబ్బా మీద జింక కొమ్ముల మూకుడు, కుట్టుమిషను మీద నత్తగుల్ల మూకుడు, పరుపుల అలమారలో పరుపుల బదులు కూడా మూకుళ్లే. పొద్దున లేవగానే ఆయన వాటన్నిటికీ నడుం వంచి దణ్ణాలు పెట్టి, ఆఖర్న భార్యవైపు తిరిగి "టీ అయిందా?" అనేవాడు.

ఒకసారి ఒసాకా సంతలో వాలుగ చేప తోక ఆకారంలో ఉన్నది కొన్నాడు. సంచిలో పెడితే నొప్పెడుతుందని నెత్తిన పెట్టుకునే రైలెక్కాడు. కండక్టరు వచ్చాడు.

"తాతగారూ, మీ తోక అడ్డమొచ్చి వెనకావిడకి ఏమీ కనబడటం లేదట."

"తోక నాది కాదు బాబూ, దీనిది."

"పోనీ, దాన్నే కాస్త దించమనండి."

"శత్రువు అడిగితేనే దించలేదిది. నువ్వడిగితే దించుతుందా?"

పక్కనే కూర్చున్న మసుయో, ఆ పెద్దమనిషెవరో తనకి తెలియనట్టు హికోనె వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూసింది.

ఇంటికి ఎవరొచ్చినా అంతే. వాళ్ల తల చూసి, దానికి తగిన శిరస్త్రాణం పెట్టి, తాడు కట్టాకే టీ. గ్యాసు మీటరు చూడ్డానికొచ్చినతను కొమ్ములు పెట్టుకునే మీటరు చూసి వెళ్లాడు.

ఇలాంటి ఇంట్లో పెళ్లిచూపులు పెట్టుకోవలసి వచ్చింది మసుయోకి. ఆవిడ అన్నగారి కూతురు చిజురు ఊళ్లో పంతులమ్మ, వీళ్ల దగ్గరే ఉంటోంది. పిల్ల బంగారం. చిక్కల్లా నవ్వుతోనే. ఆ పిల్ల నవ్విందంటే కోట కందకంలో హంసలు ఉలిక్కిపడి లేస్తాయి. కిందటిసారి వచ్చినవాళ్లు ఆ నవ్వు విని, టీ చల్లారకముందే చెప్పులేసుకున్నారు.

అందుకే ఆ ఆదివారం మసుయో ముందే హెచ్చరించింది. "చిజురూ, నువ్వు నవ్వకు. ఏమండీ, మీరు మూకుళ్ల మాటెత్తకండి."

ఇద్దరూ బుద్ధిగా తలూపారు.

పెళ్లికొడుకు కెన్‌సాకు రైల్వేలో సిగ్నళ్లు చూసే ఇంజనీరు. వాళ్లమ్మ ఉవోజుమిగారు పక్కనే కూర్చున్నారు. అసలు చూపులకొచ్చింది ఆవిడే అనిపించింది.

"మిఠాయి తీసుకోండి బాబూ," అంది మసుయో.

"మావాడికి తీపి పడదు," అన్నారు ఉవోజుమిగారు.

"మీకు సరస్సులో పడవ నడపడం సరదాయేనా?" అని అడిగింది చిజురు.

"మావాడికి పడవంటే కళ్లు తిరుగుతాయి."

కెన్‌సాకు నోరు తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచాడు. ఈలోగా వాళ్లమ్మ అతని దగ్గు గురించి మొదలుపెట్టారు. చిజురు పెదాలు బిగబట్టి కూర్చుంది. ఈ సంబంధం కూడా పోయిందని మసుయోకి అర్థమైపోయింది.

ఇంతలో వాన మొదలైంది. తోకుజిరోగారు చటుక్కున లేచి వెళ్లి కొట్టు తలుపేశాడు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో శిరస్త్రాణం ఉంది. దాని మీద రెండు పొడుగాటి కుందేలు చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఏమండీ!" అంది మసుయో.

అప్పటికే అది కెన్‌సాకు నెత్తిన దిగిపోయింది. గడ్డం కింద తాడుకి ముడి కూడా పడిపోయింది. పక్కలనున్న ఇనపరేకులు అతని చెవులు రెండూ కప్పేశాయి. చిజురు రుమాలు నోట్లో కుక్కుకుంది. ఆగలేదు. ఇల్లదిరేలా నవ్వింది.

"తీయ్‌రా!" అని అరిచారు ఉవోజుమిగారు.

"టీయా? ఇంకొద్దమ్మా," అన్నాడు కెన్‌సాకు.

తోకుజిరోగారు ముడి దగ్గర కాసేపు తడుముకుని నాలిక్కరుచుకున్నాడు. "అయ్యయ్యో! యుద్ధానికెళ్లేవాళ్లకి వేసే ముడి వేసేశానండీ. నాకు వేయడమే వచ్చు, విప్పడం రాదు."

"కత్తెర తెండి!"

"ఆ తాడు మా ముత్తాతకంటే పెద్దదమ్మా, కోస్తే పాపం! తాళ్లు అల్లే ఓకాజాకికి తెలుసు దీని కిటుకు. మీలాంటి పెద్దావిడ వచ్చి అడిగితే కాదనడు, రండి." ఆవిడ తేరుకునేలోగా గొడుగు పట్టి వానలోకి నడిపించుకుపోయాడు.

మసుయోకి ఒళ్లు మండిపోయింది. మేనకోడలి బతుకుకంటే తాడుముక్క ఎక్కువైందా ఈయనకి? చేపలు కోసే కత్తెర కోసం వంటింట్లోకి వెళ్లింది. గదిలోంచి మాటలు వినిపించాయి.

"నాకు తీపి ఇష్టమేనండీ. పడవన్నా ఇష్టమే. సెలవు దొరికితే సరస్సు మీదే ఉంటాను. అమ్మకి తెలియదు."

"మరి ఇందాక చెప్పలేదేం?"

"ఆఁ?"

"ఇందాక చెప్పలేదేం అంటున్నా!"

"సందు దొరకలేదండీ."

చిజురు మళ్లీ నవ్వింది.

"ఇందులోంచి ఎవరి మాటా సరిగ్గా వినబడటం లేదు. మీ నవ్వొక్కటే హాయిగా వినిపిస్తోంది. ఇంకోసారి నవ్వుతారా?"

మసుయో కత్తెరతో గుమ్మంలోనే నిలబడిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది. ఓకాజాకి నిరుడే కొట్టు ఎత్తేసి, క్యోతోలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. సామాన్లు స్టేషనుకి మోసింది కూడా తోకుజిరోగారే.

మెల్లగా వెళ్లి కెన్‌సాకు గడ్డం కింద వేలు పెట్టింది. యుద్ధపు ముడీ లేదు, పాడూ లేదు. పిల్లలు బూట్లకి వేసుకునే మామూలు ముడి. కొస తగలగానే ఊడి చేతిలోకొచ్చేసింది.

"ఈ ముసలాయన..." అనుకుంది మసుయో. వానలో తడుస్తూ, పరాయి ఆవిడ చేత తిట్లు తింటూ, తాళం వేసిన ఇంటికి ఏ చుట్టుదారిన తీసుకెళ్తున్నాడో! కోపం పోయి ఫక్కున నవ్వొచ్చింది. ఆపుకుని, ఏమీ ఎరగనట్టు తాడు మళ్లీ కట్టేసింది.

"అబ్బే, నావల్ల కావట్లేదు బాబూ," అంది గట్టిగా.

కెన్‌సాకు చిజురువైపు ఒకసారి చూసి, కుందేలు చెవులు రెండూ ఊగేలా ఆవిడ ముందు వినయంగా తల వంచాడు.

"ఇంకొంచెం బిగించి కట్టండి, అత్తయ్యగారూ. అమ్మ వచ్చి లాగితే ఊడకూడదు."