దూలం మీది సున్నం బిళ్ల

పుట్టింట్లో నన్ను వాగుడుకాయ అనేవాళ్లు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి కోడలిగా వచ్చాక నా నోటికి తాళం పడింది. మామ ఎదుట కోడలు మాట్లాడకూడదు. ఏదైనా మా ఆయన ద్వారానే చెప్పుకోవాలి. రెండేళ్లలో మామతో ఒక్క మాట మాట్లాడి ఎరగను.

మామ, మా ఆయన పాత గుళ్లు బాగుచేసేవాళ్లు. బెల్లం నీళ్లు పోసి సున్నం నూరడం నా పని. మెత్తగా నూరతానని నాకు కాస్త పొగరు కూడా. పందొమ్మిది వందల ముప్ఫైల చివర్లో ఒక ఏడు, శివరాత్రి ముందు, లింగంపేట దగ్గర ఒక శివాలయంలో పని దొరికింది. మండపం నడిమి రాతిదూలం చీలింది. దానికింద కొత్త స్తంభం నిలపాలి. మామ ఆ చీలికకు అడ్డంగా నా సున్నంతో ఒక పల్చటి బిళ్ల అతికించి, పదిహేను రోజులు పక్క పనులు చూసుకున్నాడు. ఎందుకో నాకెవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

స్తంభం ఎత్తే ముందురోజు బూజు దులపడానికి నిచ్చెన ఎక్కితే, బిళ్ల మధ్యలో వెంట్రుకంత పగులు కనిపించింది. నాకు తల కొట్టేసినట్టయింది. సున్నం సరిగ్గా నూరలేదని నన్నే అంటారు కదా. తడి సున్నం మెత్తి, వేలితో నున్నగా రాసి దిగాను. తెల్లారేసరికి ఆరిపోయింది.

పొద్దున మామ నిచ్చెన ఎక్కి బిళ్లను తడిమి చూశాడు. "బిళ్ల పగల్లేదురా. పగిలుంటే రాయి కదుల్తున్నట్టు. ఇగ భయం లేదు, దూలం కిందికి పోదాం పా," అన్నాడు మా ఆయనతో.

బిళ్ల ఎందుకు పెట్టాడో నాకప్పుడు అర్థమైంది. నోరు తెరవబోయి ఆగాను. అంతమందిలో మామతో మాట్లాడటమా? చేసిన తప్పు ఒప్పుకోవడమా? దుంగల మీద స్తంభాన్ని దొర్లించుకుంటూ లోపలికి తెచ్చారు. మా ఆయన గునపం పట్టుకొని సరిగ్గా దూలం కింద వంగాడు. ఆ వంగిన మెడ నా కంటపడింది.

"మామా, బిళ్ల పగిలింది. నిన్న నేనే మెత్తిన," అని అరిచాను.

అందరూ నావైపు తిరిగారు. మామ నన్ను తిట్టలేదు. "అందరు బయటికి రాండ్రి. మెల్లగ," అన్నాడు. మళ్లీ నిచ్చెన ఎక్కి గోటితో గీకితే, లోపల పగులు గోరు దిగేంత వెడల్పయింది. ముందు టేకు మొద్దులతో దూలాన్ని ఆపి, ఆ తర్వాతే స్తంభం నిలిపారు.

కొత్త బిళ్ల పెట్టి, "బిడ్డా, రోజు నువ్వే చూసి నాకే చెప్పాలె," అన్నాడు మామ. ఆయన నాతో అన్న మొదటి మాట అది.

ఆ సాయంత్రం మా ఆయన అడిగాడు. "బిళ్ల ఎందుకు పెట్టినమో నీకెప్పుడు తెల్సింది?"

"అప్పుడే, అరిసినప్పుడే," అన్నాను.

అది అబద్ధం. స్తంభం గడప దాటి దూలం కిందికి చేరేంతసేపూ నాకు తెలుసు.