నీటికుక్క కోసం అడ్డుపడిన మావయ్య

నా చిన్నప్పుడు మా ఊళ్ళో నీటికుక్కను చంపడం తప్పని ఎవరూ అనుకునేవారు కారు. రేపల్లెకు దిగువన, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉండేది మా ఊరు. ఊరికి ఆనుకుని ఏటిపాయ, దాని గట్టు వెంబడి మడ అడవి. అక్కడ జంతువులను వేటాడకూడదని సర్కారు వాళ్ళు ఒక బోర్డు పాతారు. ఆ అడవికి మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, ఫారెస్టు వాచరు. మా నాన్నేమో ఆ పాయలో వలేసి మమ్మల్ని సాకేవాడు. నీటికుక్కలు గుంపుగా వచ్చి వలలు కొరికి చేపలు తిని పోయేవి. వల చిరిగిన రోజున మా ఇంట్లో గంజే. అందుకని వాళ్ళిద్దరికీ క్షణం పడేది కాదు.

నాకు పదేళ్ళప్పుడు, ఒక ఉదయం, నాన్న వలలో నీటికుక్క ఒకటి చిక్కుకుంది. వలతో సహా గట్టు మీదికి ఈడ్చారు. విడదీయబోతే నాన్న బొటనవేలు ఎముక దాకా కొరికింది. ఇక నాన్నకు ఒళ్ళు తెలియలేదు. తెడ్డు తీసుకుని బాదాడు. పక్క పడవల వాళ్ళు గెడలతో పొడిచారు. అది వలలో దొర్లుతూ పసిబిడ్డలా కేకలు పెట్టింది. నేనూ ఒక ఇటుక ముక్క తీసి విసిరాను. సరిగ్గా కంటి మీద తగిలింది.

"భలే కొట్టిందిరా పిల్ల!" అని ఎవరో నవ్వారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు చాలా గర్వంగా అనిపించింది. రెండో ముక్క కోసం వంగాను.

అప్పుడే మావయ్య పరుగున వచ్చి దాని మీద బోర్లా పడ్డాడు. నాన్న ఎత్తిన తెడ్డు ఆగలేదు. మావయ్య ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది.

"లేరా! నీ అక్క పిల్లలు పస్తులుంటే కనబడదు గానీ, దీన్ని కాస్తావా?" నాన్న మళ్ళీ తెడ్డెత్తాడు.

మావయ్య లేవలేదు. "కొట్టు బావా. నన్ను కొట్టాకే దీన్ని కొట్టు. ఇది పిల్లల తల్లి. ఒక్కసారి చూడు."

చూశాం. దాని పొట్ట కింద నెత్తుటితో పాటు పాలు కారుతున్నాయి. గెడలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. నాన్న తెడ్డు పడేసి, తెగిన వేలు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. కాసేపటికి అది చచ్చిపోయింది.

ఆస్పత్రికి పదమని అందరూ అన్నారు. మావయ్య విరిగిన చేతిని తుండుగుడ్డతో మెడకు కట్టించుకుని నా వైపు తిరిగాడు. "పిల్లలు బొరియలో ఉంటాయి. ఊరకుక్కలు పసిగట్టేస్తాయి. నాకు ఒక్క చెయ్యే ఆడుతోంది, నువ్వు రా అమ్మాయ్." అంతమందిలో నన్నే ఎందుకు పిలిచాడో అప్పుడు అర్థం కాలేదు.

మోకాలి లోతు బురదలో, మడ వేళ్ళు పట్టుకుంటూ వెళ్ళాం. మేం చేరేసరికే రెండు ఊరకుక్కలు బొరియ తవ్వుతున్నాయి. ఒక పిల్లను బయటికి లాగి, చెరోవైపు పట్టుకుని చీల్చేశాయి. నేను ఏడుస్తూ, బురదముద్దలు విసురుతూ వాటిని తరిమాను. ఇంకో పిల్ల లోపల మూలకు నక్కి సన్నగా కూస్తోంది.

ఇంటికి తీసుకెళ్ళి పెంచుకుందామన్నాను. "మన పాలు తాగి బతకదే. దాని వాళ్ళున్నారు, వస్తారు" అన్నాడు మావయ్య. దూరంగా పొదల్లో కూర్చున్నాం. ఆయన చెయ్యి వాచి నల్లబడింది. నొప్పికి పెదవి కొరుక్కుంటున్నాడు గానీ మూలగడం లేదు. నేను ఉండబట్టలేక, "మావయ్యా, నేనూ కొట్టాను. కంటి మీద" అన్నాను. పర్లేదులే అంటాడనుకున్నాను.

"చూశాను" అన్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చాక నీళ్ళలో నాలుగు తలలు తేలాయి. వాటిలో ఒకటి బొరియలోకి దూరి, పిల్లను నోట కరుచుకుని వచ్చింది. అన్నీ కలిసి పాయకు అడ్డంగా ఈదుకుంటూ వెళ్ళిపోయాయి. మావయ్య అప్పుడు లేచి, "ఇక ఆస్పత్రికి పోదాం పద" అన్నాడు.

మావయ్య ఫారెస్టు ఆఫీసుకు ఇచ్చిన రిపోర్టులో నాన్న పేరు రాశాడు. నాన్న కూడా తనే వెళ్ళి ఒప్పుకున్నాడు. రెండేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు, తర్వాత ఎలాగో కలిశారు. మావయ్య చెయ్యి మాత్రం వంకరగానే అతుక్కుంది.

నేను పెద్దయ్యాక చెరుకుపల్లిలో టీచరునయ్యాను. గుంపు చేరి కొట్టడం ఎక్కడ కనిపించినా, అది పామునైనా, దొంగ అని అనుమానించిన మనిషినైనా, నాకు ఆ ఇటుక ముక్కే గుర్తొస్తుంది. ఆ గుంపులో కలిస్తే నేనెంత సంతోషంగా కొట్టగలనో నాకు తెలుసు. అందుకే మధ్యలోకి వెళ్ళి నిలబడతాను.