నా కంటికి పండిన కాయలు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైకిలు టైరు దొరకడమంటే దేవుడు దొరికినంత పని. నా స్నేహితుడి సైకిలు వెనక టైరు చిరిగితే, లోపల పాత టైరు ముక్క పెట్టి నడిపేవాళ్లం. ఆ ముక్క ఉన్నచోటు నేలకు తగిలినప్పుడల్లా సైకిలు చిన్నగా ఎగిరేది. వెనక కూర్చున్నవాడి నడుం సంగతి చెప్పనక్కర్లేదు.

సైకిలు వాళ్ల నాన్నది. ఆయన మిషను బడిలో పంతులు. ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోగానే వాడు సైకిలేసుకుని మా ఇంటికొచ్చేవాడు. వంతులవారీగా తొక్కుకుంటూ నడికుడి స్టేషనుకు పోయేవాళ్లం. అక్కడ మాకు పనేమీ లేదు, రైలు చూడటమే. ఇద్దరం రైల్వే ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నాం. వాడికంటే నాకే తొందరెక్కువ. మా నాన్న పోయాక అమ్మ కూలికి వెళ్లి నన్ను చదివించింది. చదువు పాడవుతుందని నన్ను చేలో అడుగు పెట్టనిచ్చేది కాదు. ఆ ఉద్యోగం వస్తే ఆమె ఇక ఎండలో నడుం వంచక్కర్లేదు.

దారి పొడుగునా వాడు రంగుల గురించి వాగేవాడు. "ఒరేయ్, ఆ మిరపచేను చూడరా, ఎంత ఎర్రగా ఉందో!" అనేవాడు. "అవున్రా" అనేవాణ్ణి. నాకు చేను కనిపించేది, అంతే. నెత్తురు ఎరుపనీ ఆకు పచ్చనీ అందరిలాగే నాకూ తెలుసు. వీడికి కాస్త కవిత్వం పిచ్చి ఉందిలే అని సరిపెట్టుకునేవాణ్ణి. నా వంతూ వచ్చేది. ఎండుగడ్డిలో కౌజుపిట్ట నక్కి ఉంటే నాకు ఇట్టే కనిపించేది. "ఏదిరా? అది రాయి కదా!" అంటూ వాడు కళ్లు చిట్లించేవాడు. పిట్ట లేచిపోయాక నోరు తెరిచేవాడు. నాకు మహా గర్వంగా ఉండేది.

కంటి పరీక్షకు గుంటూరు రమ్మన్నారు. సైకిలు నడికుడి స్టేషన్లో ఉంచి రైలెక్కాం. డాక్టరు బల్ల మీద రంగురంగుల ఉన్ని దారాలు కుప్పపోసి, ఎర్రవన్నీ ఒక పక్కకు తీయమన్నాడు. చకచకా తీశాను. ఆయన వాటిని చూసి, నన్ను చూసి, మళ్లీ తీయమన్నాడు. మళ్లీ అవే తీశాను.

"నీకు ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు బాబూ. ఈ ఉద్యోగానికి పనికిరావు," అన్నాడు మెల్లగా. నా స్నేహితుడు ప్యాసయ్యాడు.

నడికుడిలో దిగి సైకిలెక్కాం. వాడు తొక్కుతున్నాడు, నేను వెనక కూర్చున్నాను. ఇన్నేళ్లూ నేను చూసే లోకమే అందరూ చూస్తున్నారనుకున్నాను. ఎదుటివాడి కంట్లో దూరి చూసొచ్చిందెవరు? మిరపచేను దగ్గర ఆపమన్నాను. కోతలు సాగుతున్నాయి.

"పెద్దమ్మా, గుప్పెడు పండుకాయలు కోసుకోనా?" అని అక్కడున్న ముసలామెను అడిగాను.

"కోసుకో నాయనా, గుప్పెడు కాయలకు అడగటమేంది!"

డాక్టరు మాట అబద్ధం చెయ్యాలని నా పంతం. ఒక్కో కాయా తేరిపార చూసి కోసి, తువ్వాల్లో మూట కట్టాను. నా స్నేహితుడు గట్టు మీద నిలబడి కాసేపు చూసి, మొహం అటు తిప్పేసుకున్నాడు. ఎందుకో నాకప్పుడు తట్టలేదు.

ఇంటికెళ్లి అమ్మ ముందు తువ్వాలు విప్పాను. ఉద్యోగం సంగతి తర్వాత చెప్పొచ్చులే అనుకున్నాను. ఆమె కాయలకేసి చూసి నవ్వడం మొదలుపెట్టింది. సగం పచ్చికాయలట! నాకు ఏడుపు తన్నుకొచ్చింది. జరిగిందంతా చెప్పేశాను.

"ఓరి నా తండ్రీ, మా నాయన మళ్లీ వచ్చాడు!" అంది అమ్మ. "ఆయనా అంతేరా. పండుకాయలు తెమ్మంటే సగం పచ్చివే తెచ్చేవాడు. కానీ ఊళ్లో మేకపిల్ల తప్పిపోతే, కంపల్లో నక్కినా ఆయన కంటికి ఇట్టే దొరికేది. పక్కూళ్ల వాళ్లు కూడా వచ్చి పిల్చుకుపోయేవాళ్లు. ఆ కళ్లతోనే మమ్మల్నందర్నీ పెంచాడు. నీకేందిరా తక్కువ?"

పండువీ పచ్చివీ కలిపి రోట్లో వేసి నూరింది. ఏడుస్తూనే రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

మరుసటి ఆదివారం నా స్నేహితుడు మొహమాటపడుతూ వచ్చాడు. పక్క ఊరి మిషను బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు చెప్పే పనుందని వాళ్ల నాన్న కబురు పంపాడు. వాడు రైల్వేకి వెళ్తూ సైకిలు నాకు వదిలేశాడు, ఆ ఎగిరే టైరుతో సహా.

నా జీతం మొదలయ్యాక అమ్మ కూలి మానేసింది. కానీ మిరప కోతల రోజుల్లో పండుకాయలు కావాలంటే, ఇంటి చుట్టూ ఎంతమంది ఉన్నా నన్నే పంపేది. సంచి విప్పినప్పుడల్లా ఆమెకు వాళ్ల నాయన కనిపించేవాడు.